పడవ ముక్కుకు కొట్టిన నాడా

2023, వానలు వెనకబట్టిన రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గరలో ఒక సందులో నా ప్లాస్టిక్ వెల్డింగ్ షాపు. పగిలిన నీళ్ల ట్యాంకులు, కార్ల బంపర్లు, కూలర్ తొట్లు, వీటి మీదే నా ఇల్లు గడుస్తుంది. కొన్నేళ్లుగా చేపలు పట్టే కయాక్‌లు కూడా వస్తున్నాయి. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే ప్లాస్టిక్ పడవ. సెలవొస్తే చాలు, దాన్ని బండి మీద కట్టుకుని కృష్ణా బ్యాక్‌వాటర్‌కు పోయేవాళ్లు ఈ పక్క బాగానే ఉన్నారు.

ఆ పడవలు కడగడమంటే నాకు చిరాకు. పని వల్ల కాదు, మనుషుల వల్ల. చేప పొలుసు, కుళ్లిన ఎర, బురద అట్లాగే ఉంచి డాబా మీద ఎండలో పడేస్తారు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఆ మీదట యాసిడ్ పోసి రుద్దమంటారు, నాకు ఒళ్లు మండుతుంది. గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్షు, మంచినీళ్లు చాలు. ఆరాక నీడలో బోర్లించాలి. అన్నిటికన్నా ముందు వెనకవైపున్న డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. పడవ లోపలంతా బోలు, ఆ గాలే దాన్ని తేలుస్తుంది. లోపల నీళ్లు చేరితే బయటికి పోవడానికి ఆ బిరడా ఒక్కటే దారి. అది విప్పినప్పుడు నీళ్లు కారాయంటే ఎక్కడో చిల్లు పడ్డట్టే.

ఒక రోజు పొద్దున ట్రాలీ ఆటోలో ఆకుపచ్చ కయాక్ ఒకటి దిగింది. తెచ్చినతని పేరు నర్సింహ, చంపాపేట్‌లో ఎలక్ట్రీషియన్.

“కడిగి మంచిగ చెయ్యన్నా, అమ్మేస్తం. మా అన్నది గిది. మల్లేశ్ అని. పోయిన నెల బ్యాక్‌వాటర్ల మునిగి పోయిండు.”

నా చేతిలో ఉన్న పైపు కింద పెట్టేశాను.

“ఈత వచ్చన్నా ఆయనకు, గందుకే లైఫ్ జాకెట్ ఏసుకోలే. గాలికి పడవ బోర్లపడ్డదట. మా అమ్మేమో వదిన పాదం మంచిది కాదంటది. పెండ్లై రెండేండ్లు కాలే, అచ్చి మింగిందని ఒకటే లొల్లి. ఆమెను ఊరికి తోలేదాక ఊకునేటట్టు లేదు. జర చూడన్నా, పడవల్నే ఏమన్న ఖరాబుంటే చెప్పు. అమ్మ నోరు మూపిస్త.”

వదిన కోసం అంత తపన పడే మరిదిని చూసి ముచ్చటేసింది. తప్పకుండా చూస్తానన్నాను.

డ్రెయిన్ ప్లగ్ చేత్తో కదల్లేదు. బురద పట్టి బిగుసుకుపోయింది, కొన్ననాటి నుంచి విప్పిన జాడే లేదు. పకడ్‌తో పట్టి తిప్పితే పచ్చటి నీళ్లు, కంపు కొడుతూ, చాలాసేపు కారాయి. అన్ని నీళ్లు ఎట్లా చేరాయని పడవంతా తడిమాను. ముక్కు కింద గుర్రపు నాడా ఉంది. లారీలకు, గడపలకు దిష్టి తగలకుండా కొడతారే, అదే. నాలుగు స్క్రూలు, నాలుగూ తుప్పు. చిల్లులు పెద్దవై, స్క్రూ పక్కనుంచే అగ్గిపుల్ల వదులుగా దూరింది. పడవ లోపలికి నీళ్లు పట్టి ముక్కు కిందికి వంచాను. నాడా చుట్టూ నీళ్లు ధార కట్టాయి.

నాకు విషయం అర్థమైంది. అల కొట్టినప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి పోయింది. పైన కూర్చున్నవాడికి కనబడదు. ఒక పక్కకు ఒరిగితే లోపలి నీళ్లన్నీ అటే ఉరుకుతాయి. ఇక పడవ నిలబడదు.

ఫోన్ చేస్తే నర్సింహ ఆశగా వచ్చాడు. నాడా విప్పి చిల్లులు చూపించాను.

“ఈ నాడా ఎవరు కొట్టిండ్రు తమ్మీ?”

అతను నాడా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“నేనే కొట్టిన. వదిన తెచ్చింది, డ్రిల్లు నాకాడున్నది. ఆటోకు కొట్టినట్టే గదా అనుకున్న.”

“నాడా ఒక్కటే కాదురా. ప్లగ్ ఒక్కసారి విప్పినా మీ అన్నకు తెలుస్తుండె. లైఫ్ జాకెట్ ఏసుకున్నా బతుకుతుండె.”

“పోయినోన్ని ఏమనకన్నా.”

“మరి అమ్మకు చెప్తవా?”

అతను చిల్లులు మూసేయమని మాత్రం అని, బండి తీసుకుని వెళ్లిపోయాడు. నాకు అతని మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. అవి పోతే సాక్ష్యమే ఉండదని నేను చిల్లులు మూయలేదు.

కొన్నాళ్లకు ఒకామె భుజాన బ్యాగుతో షాపు ముందు నిలబడింది. నల్గొండ బస్సులు ఎల్బీనగర్‌లోనే ఎక్కాలి, బస్సుకని వచ్చి, పడవ ఇక్కడుందని తెలిసి ఇటు తిరిగింది. మల్లేశ్ భార్య సుజాత.

“నన్ను మా ఊరికి తోలిస్తున్నరన్నా. నర్సింహను అడిగితే మొకం తిప్పుకుంటుండు. పడవల ఏమన్న దొరికిందా? నా పాదమేనా?”

నాకు ఆగలేదు. ఇంత చిన్న పిల్లను పాదం పేరు చెప్పి వెళ్లగొడుతుంటే నోరు మూసుకుని ఎట్లా కూర్చుంటాను? నిజం తెలిస్తే ఆమె గుండె బరువు దిగుతుందనుకున్నాను.

“నీ పాదం కాదమ్మా. చిల్లులు పడి లోపలికి నీళ్లు పోయినయి. గీ స్క్రూల కాడ.”

ఆమె వంగి ఒక్కో చిల్లు మీద వేలు పెట్టి చూసింది.

“నాడా నేనే తెచ్చిన. పడవకెందుకే అన్నడు ఆయన. కొట్టియ్యకుంటే అన్నం తిననని కూసున్న.”

ప్లగ్ సంగతి చెప్పాను, జాకెట్ సంగతి చెప్పాను. ఒక్కటీ ఆమె చెవికెక్కలేదు.

“ఇన్ని దినాలు పాదం పాదమంటే నమ్మలేదన్నా నేను. నా చెయ్యే అని తెల్వకపాయె.”

ఆమె లేచి నిలబడి అడిగింది.

“నర్సింహకు తెలుసా?”

“తెలుసమ్మా.”

“పాపం, ఎట్ల మోస్తుండో” అని, బ్యాగు భుజం మీద సర్దుకుని బస్సు కోసం వెళ్లిపోయింది.

చిల్లు ఎక్కడుందో కనిపెట్టడం నా పని, అందులో నాకు పేరుంది. కానీ దొరికిన చిల్లు ఎవరి గుండెలో పడుతుందో నా చేతిలో లేదని ఆ రోజే తెలిసింది. అయినా ఆమె మళ్లీ వచ్చి అడిగితే మళ్లీ నిజమే చెబుతాను. ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఏ కయాక్ వచ్చినా, కడిగే ముందు యజమాని చేతనే ప్లగ్ విప్పిస్తాను. చుక్క నీరు రాకపోతే నా ప్రాణం కుదుటపడుతుంది. వస్తే, బాగయ్యేదాకా ఎంత అడిగినా ఇవ్వను. నాడా కొట్టమనేవాళ్లతో పోట్లాట పెట్టుకోను. పైన పిడికి దారంతో కట్టిస్తాను. భయపడేవాళ్లకు ఏదో ఒకటి ఉండాలి కదా.

నర్సింహ ఆ పడవ కోసం మళ్లీ రాలేదు. సుజాత నాడా అడగలేదు. అది నా సొరుగులో ఉంది. పారేద్దామని తీస్తాను, మళ్లీ అక్కడే పెడతాను.