ఏటి దాకా వెళ్లొచ్చిన లైను మామ

పత్రికలకు బొమ్మలు వేసేవాళ్లు ఇంకా కాగితం మీద, సిరాతో, వేళ్లు నొప్పిపుట్టేలా గీస్తున్న కాలం అది. మరీ పాతరాతియుగమేమీ కాదు, అప్పటికే మా అందరి జేబుల్లో సెల్‌ఫోన్లున్నాయి. అయినా మా ఆఫీసులో బొమ్మ అంటే దళసరి డ్రాయింగు షీటు, నల్ల సిరా, తప్పు పోయినచోట తెల్లరంగు పూత. ఈ మాట చెబితే మా ఆఫీసులో ఇప్పుడు చేరిన పిల్లలు "మరి గీసింది చెరిపేయాలంటే ఎలా సార్?" అని జాలిగా అడుగుతారు. చెరపడానికి వీల్లేదు కాబట్టే ఆ రోజుల్లో బొమ్మలు వేసేవాళ్లు ముందు ఆలోచించి తర్వాత గీసేవారని చెబుతాను. (నేను మాత్రం ముందు చేసి తర్వాత ఆలోచించే రకాన్ని. అందుకే బొమ్మల జోలికి పోకుండా వార్తల్లో స్థిరపడ్డాను.)

తిరుపతిలో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్లో కొత్తగా చేరిన కుర్ర సబ్ఎడిటర్ని నేను. మాకు రోజూ నాలుగు గడుల బొమ్మ వేసిచ్చే పెద్దాయన ఒకరుండేవారు. అందరం ఆయన్ని గడుల సారు అనేవాళ్లం. ఆయన బొమ్మలో నాయకుడి పేరు లైను మామ. తిరుమలలో దర్శనం లైనులో నిలబడి ఉంటాడు, అంతే కథ. ఏళ్ల తరబడి నిలబడే ఉన్నాడు. ముందువాడితో తగాదా, వెనకవాడితో వియ్యం, పక్కవాళ్ల పులిహోరలో వాటా, ఇలా కాలక్షేపం చేస్తుంటాడు కానీ గుడి దాకా మాత్రం చేరడు. వెనకాల ప్రతి గడిలోనూ గోపురమో, పెద్ద తిరునామమో కనిపిస్తుంటుంది. ఆయనకు దర్శనం ఎప్పుడు చేయిస్తారని పాఠకులు ఫోన్లు చేసి అడిగేవారు. గడుల సారు ఆ ఫోన్లకు ఒకటే జవాబు చెప్పేవారు. "దర్శనం అయిపోతే ఆయప్ప ఇంటికి పోతాడు. నేనూ ఇంటికి పోవల్సొస్తాది."

స్కానింగు అయిపోయాక అసలు బొమ్మను పట్టించుకునే నాథుడు లేడు. స్కానరు పక్కన కుప్పగా పడి ఉండేవి. సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెప్పించుకుంటే ఆ దళసరి షీట్లకు మించిన పళ్లెం దొరకదు. ఒకనాడు నా కళ్లముందే లైను మామ ముఖం మీద వేడి బజ్జీ పెట్టి, నూనె దిగాక మూలకు విసిరేశారు. నాకు మనసొప్పలేదు. ఆ బజ్జీ తిన్నాననుకోండి, అది వేరే సంగతి. తిన్నాక గడుల సారు దగ్గరికి వెళ్లి, ఈ బొమ్మలు నేను దాచుకోవచ్చా అని అడిగాను. "దాచుకో అప్పా. మా ఇంట్లో మనుషులకే జాగా సాలదు, ఇంగ లైను మామను యాడ పండబెట్టేది?" అన్నారాయన.

ఆ రోజు నుంచి నేను మ్యూజియం అధికారినైపోయాను. రోజూ బొమ్మ స్కానింగు కాగానే అట్టల మధ్య పెట్టి గదికి తీసుకెళ్లేవాణ్ని. వానకు గది కారడంతో మొత్తం మూటగట్టి, నగరి దగ్గర మా ఊరికి చేరేశాను. నాయన పాత పంచెలో చుట్టి, మధ్య మధ్య ఎండిన వేపాకు పరిచి, ట్రంకు పెట్టెలో పెట్టాను. ఒరిజినల్ బొమ్మలను ఎండ తగలకుండా, చెమ్మ తగలకుండా ఎలా కాపాడాలో అమ్మకు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. చివర్లో "ఇవి బంగారం కన్నా ఎక్కువ మా, ఎవురూ ముట్టుకోగూడదు" అన్నాను. అమ్మ పై బొమ్మను తీసి చూసి, కళ్లకద్దుకుని మళ్లీ పెట్టెలో పెట్టింది. నా ఉపన్యాసం ఫలించిందని మురిసిపోయాను. ఆవిడ ఎందుకు కళ్లకద్దుకుందో అప్పుడే ఆలోచించి ఉంటే ఇంత కథ నడిచేది కాదు.

కొన్నేళ్లు గడిచాయి. గడుల సారు రిటైరయ్యారు, లైను మామ దర్శనం కాకుండానే పేపర్లోంచి వెళ్లిపోయాడు. తర్వాత సారు భార్య పోయారు. ఆ మరుసటి ఏడు దీపావళి దాటి వానలు పట్టుకున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం సారు గొడుగు ముడుచుకుంటూ మా డెస్కు దగ్గరికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. మనిషి సగమయ్యారు.

"అప్పా, నా బొమ్మలు ఇంకా ఉండాయా నీ కాడ?"

"భద్రంగా ఉండాయి సార్. ట్రంకు పెట్టెలో పెట్టినా" అన్నాను గొప్పగా.

"అందులో మజ్జిగ పంచే బొమ్మ ఒకటుండాది. లైను మామ తాగిన గ్లాసు దాసిపెట్టి, ఇంగా నాకియ్యలేదని సెయ్యి సాపతాడే, అది. దాని అంచున నీలం పెన్సిలుతో మా ఆమెను గీసినా."

లేత నీలం గీతలు అచ్చులో పడవు. అందుకని బొమ్మలవాళ్లు ముందు నీలం పెన్సిలుతో చిత్తు గీసుకుని, దాని మీద సిరా దిద్దుతారు. సారు పని మొదలుపెట్టే ముందు చెయ్యి సాగడానికి అంచుల్లో ఏవేవో గీస్తుంటారని నాకు తెలుసు. వాటిని చూసి కూడా పిచ్చిగీతలనుకున్నాను.

"ఎదురుగా కూసోని పూలు కడతా ఉన్నింది. పిలిస్తే తలెత్తి సూసింది. ఆ సూపు ఆ పొద్దు నా సేతికి సిక్కింది" అన్నారాయన. "ఫోటోల్లో ఆమె ఆమె కాదప్పా. కెమెరా సూస్తే సాలు, రేషను కార్డులో మనిషి మాదిరి బిగుసుకుంటాది. వచ్చే వారం సంవత్సరీకం. ఆ బొమ్మను పెద్దది సేయించి పెట్టాలని ఉండాది."

ఆయన ఎవరినీ ఏదీ అడగగా నేను చూడలేదు. అచ్చులో పడని ఆ ముఖం లోకంలో ఆ ఒక్క షీటు మీదే ఉంది, ఆ షీటు మా ఊళ్లో ఉంది. ఎల్లుండికల్లా మీ చేతిలో పెడతానని మాటిచ్చి, సెలవు చెప్పి, పుత్తూరు మీదుగా నగరి పోయే బస్సెక్కాను.

ఇంటికి చేరి ట్రంకు పెట్టె తెరిస్తే లోపల చింతపండు కుండ, దుప్పట్లు ఉన్నాయి.

"మా, నా బొమ్మలు యాడ?"

"పెరటాసి నెలకు ముందు ఇంటికి సున్నం కొట్టించినాం గదా అబ్బయా. అప్పుడే తీసేసినా" అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. (పెరటాసి అంటే మా అరవ సరిహద్దు ఊళ్లలో దసరా రోజుల నెల, వెంకన్న నెల.) "పురుగు పట్టి ఒక పటం సిరిగింది. సిరిగిన దేవుని పటాలు ఇంట్లో ఉండగూడదు. పాత క్యాలెండర్లతో పాటు సంచిలో ఏసి, ఏట్లో కలపమని మీ నాయనకు ఇచ్చినా."

"దేవుని పటాలేంది మా? అవి జోకు బొమ్మలు."

"గోపురం ఉన్నింది, నామం ఉన్నింది. దేవుడు కాకుండా ఎవురు? నువ్వే గదా బంగారమన్నావు. అందుకే పొయ్యిలో పెట్టకుండా మర్యాదగా ఏటికి పంపించినా."

నేను గడప మీద కూలబడిపోయాను. సారుకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఆయన భార్యను మేము కాలెండర్లతో కలిపి నీళ్లలో వదిలేశామని చెప్పాలా? కళ్లు మసకబారాయి. అమ్మ చెరగడం ఆపి నా వంక చూసింది.

"ఏడస్తావెందుకు? అప్పుడు ఏట్లో నీళ్లు యాడుండాయి? ఇసకలో పారేస్తే కుక్కలు తొక్కతాయని మీ నాయన సంచి మళ్లా ఎత్తుకొచ్చి, సేను కాడ మోటారు రూములో మేకుకు తగిలించినాడు. ఏరు వచ్చినాక కలుపుదామని."

జీవితంలో మొదటిసారి మా సీమ కరువుకు మనసులోనే సాష్టాంగపడ్డాను. ఏటికి నీళ్లు రాలేదని మా తాతలు తండ్రులు ఏడ్చారు, నేను మాత్రం ఆనందంతో లేచి చెప్పులేసుకున్నాను. మోటారు రూము తాళం అడిగాను.

"తాళమెందుకు? నిన్న పైన వాన పడి కుశస్థలి ఏరు వచ్చిందంట. ఊరంతా సూసేదానికి పోయినారు. మీ నాయన గూడా ఇప్పుడే సంచి ఎత్తుకోని పోయినాడు" అంది అమ్మ.

తర్వాత నేను పరుగెత్తిన పరుగు మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు. మా వైపు ఏరు రావడమంటే బంధువొచ్చినట్టు. ముసలీ ముతకా అందరూ వంతెన మీద చేరిపోయారు. ఆడవాళ్లు కొత్తనీళ్లకు పసుపు కుంకుమ వేసి హారతిస్తున్నారు. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి, వంతెన పిట్టగోడ దగ్గర నాయన కనిపించాడు. సంచి భుజానే ఉంది. చుట్టూ పదిమందిని పోగేసి, తన చిన్నప్పుడు ఇదే ఏరు ఎంత ఎత్తున వచ్చిందో చేతులెత్తి చూపిస్తున్నాడు. ఆయన మాటల్లో పడితే పని మరిచిపోతాడని అమ్మ జీవితమంతా సణిగేది. ఆ అలవాటు ఎంత గొప్పదో ఆ క్షణంలో నాకు తెలిసింది.

సంచి పట్టి లాగబోయాను. నాయన వదల్లేదు.

"ఏటికని ఎత్తిపెట్టినది మళ్లా ఇంటికి తీసకపోతారా యాడన్నా? దేవుడికి ఇస్తామని ఇయ్యకుండా ఎగ్గొడితే ఆయన వడ్డీతో గుంజుకుంటాడు."

"అందులో ఉండేది దేవుడు కాదు నాయనా, దేవుని కోసం లైనులో నిలబడినోడు."

"ఆ నిలబడినోనికన్నా మనం ఎక్కువా? మనమూ లైనులో నిలబడినోళ్లమే" అన్నాడు నాయన, తర్కంలో నన్ను ఎప్పుడూ గెలవనివ్వకుండా.

పక్కనున్న ముసలాయన ఒకరు మధ్యలో కల్పించుకుని తీర్పు చెప్పారు. "ఇయ్యాల్సింది ఇయ్యకుంటే తప్పుగానీ, ఒగటి బదులు ఇంగొకటి ఇస్తే తప్పేముండాది? పిల్లోడు తలనీలాలు ఇచ్చేస్తాడు. లెక్క సరి."

అందరూ ఒక్కసారిగా నా నెత్తి వైపు చూశారు. అప్పట్లో నా జుట్టు మీద నాకు చెప్పలేనంత ప్రేమ. పక్కకు దువ్వి, నుదుటి మీద ఒక పాయ వదిలి, బస్సు కిటికీలో అద్దం కనబడితే చాలు సర్దుకునేవాణ్ని. పైగా ఆ నెలలోనే చిత్తూరులో పెళ్లిచూపులున్నాయి. ఒక్క నిమిషం ఏటి వైపు, ఒక్క నిమిషం సంచి వైపు చూసి, సరే అనేశాను.

ఇంటికొచ్చి అరుగు మీద సంచి కుమ్మరించాం. పై షీట్లను ఎలుకలు కొట్టాయి. కాలెండర్ల ఎర్రరంగు కొన్నింటికి అంటుకుంది. ఒక్కొక్కటీ విడదీసి పక్కన పెడుతూ పోయాను. మజ్జిగ బొమ్మ అడుగునెక్కడో దొరికింది. ఒక మూల కొద్దిగా పోయిందంతే. వెలుతురుకు వంచి పట్టుకుంటే, ఎడమ అంచున బొటనవేలంత లేత నీలం ముఖం. చేతిలో సగం కట్టిన మాల, అప్పుడే తలెత్తిన చూపు. ఊపిరి పీల్చుకోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

"ఎవుర్రా ఈమె?" అన్నాడు నాయన. చెప్పాను. ఆయన షీటు తన చేతిలోకి తీసుకుని చూశాడు. "ఈ మాట వంతెన కాడే సెప్పుంటే నేనే ఇచ్చేసుందును గదరా" అన్నాడు. నేను ఆశగా నా జుట్టు సవరించుకున్నాను. "అయినా మొక్కు మొక్కే" అని ముగించాడు. ఇంతలో అమ్మ "ఎంత కళగా ఉండాదో సూడు మహాతల్లి" అంటూ కుంకుమ భరిణె తెచ్చి బొమ్మ నుదుట పెట్టబోయింది. ఆఖరి క్షణంలో ఆవిడ చెయ్యి పట్టుకోగలిగాను.

నాయన నన్ను నమ్మలేదు. సంచి ఆయన దగ్గరే పెట్టుకుని మర్నాడు నాతో కొండకు వచ్చాడు. ముందు నీలాలు, తర్వాతే సంచి అన్నది ఆయన షరతు. అలా ఏళ్ల తరబడి లైనులోనే ఉండిపోయిన లైను మామ, మా నాయన చంకనెక్కి ఘాట్ రోడ్డు బస్సులో తిరుమల చేరాడు. సంచులు లోపలికి తీసుకెళ్లకూడదని లగేజీ కౌంటరు దగ్గర ఆపేశారు. పాపం, అప్పుడు కూడా దర్శనం కాలేదు.

కొండ దిగి, గుండుకు చందనం ఆరకముందే గడుల సారు ఇంటికి వెళ్లాను. బొమ్మ అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అటూ ఇటూ వంచి, ఆ నీలం గీతలు పట్టుకున్నారాయన. పెదవులు కదిలాయి, పేరు పెట్టి పిలిచినట్టు. తర్వాత నా వైపు తిరిగి, "సూడప్పా, ఇప్పుడు గూడా ఏందని అడుగతా ఉండాది" అన్నారు. నాకు కళ్లు నిండాయి. కాసేపటికి ఆయన నా గుండు గమనించి, ఏం మొక్కని అడిగారు. ఊరికే సార్, వేడి చేసిందని చెప్పాను. మిగతా బొమ్మలు నీ దగ్గరే ఉంచుకోమన్నారు. ఇప్పుడు అవి మా ఇంట్లో పలచటి తెల్లకాగితాల మధ్య, గాలాడే అట్టపెట్టెలో ఉన్నాయి. పెట్టె మీద 'ఇవి దేవుని పటాలు కావు' అని పెద్దక్షరాలతో రాసి అంటించాను.

చిత్తూరు సంబంధం ఆ గుండు చూసి తప్పిపోయింది. తర్వాత కుదిరిన సంబంధంలో మా ఆవిడ నా జుట్టు చూసే ఒప్పుకుందట, ఆ సంగతి ఇప్పుడు చెప్పి నిట్టూరుస్తుంది. ఎందుకంటే ఇప్పుడు నా నెత్తిన మొక్కుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఎవరూ అడగకుండానే అంతా రాలిపోయింది. పొద్దున్నే అద్దంలో చూసుకున్నప్పుడు, నుదుటి మీద పాయ సర్దుకుంటూ మురిసిపోయిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. ఒరే అబ్బాయీ, అది ఎలాగూ ఉండేది కాదురా, ఉన్నన్నాళ్లలో ఒక్కసారైనా దాన్ని ఖర్చు పెట్టాల్సిన చోట ఖర్చు పెట్టావు అని చెప్పాలనిపిస్తుంది. దువ్వెన పక్కన పెట్టేసి నవ్వుకుంటాను.