మూడు గంటల దాకా మౌనం

ముందే చెప్పేస్తున్నాను: ఈ కథలో నన్ను ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద తోసుకుపోతారు. నాకు ఏ రోగమూ లేదు. ఉన్నదల్లా లెక్కల పిచ్చి. దానికి ఆ ఆసుపత్రిలో వార్డు లేదు.

నేను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. సొంతంగా ఈత నేర్చినవాడు బావి కనబడితే ఆగనట్టు, కొలత లేని మాట వింటే నేను ఆగలేను. "కాసేపట్లో వస్తా" అన్నవాళ్ళను "కాసేపంటే ఎన్ని నిమిషాలు?" అని అడిగి చాలామంది స్నేహితుల్ని పోగొట్టుకున్నాను.

అట్లాంటి నాకు నలభై నాలుగో ఏట ఒక సన్యాస సభ మీద మనసు పోయింది. కంగారు పడకండి, పెళ్ళాం పిల్లల్ని వదిలేసి పోయే రకం కాదు. కతోలిక సన్యాస సభలు కొన్నింటిలో సంసారులకూ చోటుంటుంది. ఇంట్లోనే ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ఆ సభ నియమం ప్రకారం బతుకుతామని మాటిస్తారు. మా గుడిలో అట్లాంటి గృహస్థ సభ్యులకు పెద్ద, ఆగ్నేసు టీచర్. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆమె కళ్ళజోడు సవరించుకుంటే ఫాదర్ కూడా ప్రసంగం కుదించేవారు.

"టీచర్, నాకు దేవుని పిలుపున్నదా లేదా ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"తొందరెందుకు ఇన్నయ్యా? కొన్ని దినాలు జర మౌనంగ ఉండు. దేవుడేమంటుండో ఇను. తర్వాత నేనే మీ ఇంటికొస్త, మాట్లాడుకుందాం."

కొన్ని దినాలట! జర అట! ఇట్లాంటి మాటలు నాకు అరగవు. నవదిన ప్రార్థనలు ఉండనే ఉన్నాయి కాబట్టి 'కొన్ని' కాస్తా తొమ్మిదయింది. 'జర' అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, ప్రభువు సిలువ మీదున్న గంటలు. నడుమ ఒక్క మాట జారినా మళ్ళీ మొదటి రోజు నుంచి. కాగితం మీద రాసి చూపినా మాట కిందే లెక్క. ఈ చివరి షరతు ఎవరూ పెట్టమనలేదు, నేనే పెట్టుకున్నాను. మిగిలిన సెలవులన్నీ కలిపితే సరిగ్గా తొమ్మిది వచ్చాయి.

"సూశినవా లూర్దూ, దేవుని లెక్క గూడ కలిసింది" అన్నాను నా భార్యతో.

"కలిసింది గానీ, సెలవులన్నీ అయిపాయె. రేపు ఎవరికన్న పానం బాగలేకుంటే దవాఖానాకు ఎవరు తీస్కపోవాలె?" అంది. చూడండి, ఆవిడ నాలుక మీద మచ్చ ఉంది, అన్నది జరిగి తీరుతుంది.

ఎనిమిది రోజులు నల్లేరు మీద బండిలా నడిచాయి. తొమ్మిదో రోజు సాయంత్రం టీచర్ వస్తానన్నారు. ఆమె కోసం చేపలు తేవడానికి లూర్దు ఉప్పల్ పోయింది, ఫోన్ ఛార్జింగ్‌లో వదిలేసి. రెండు దాటాక తలుపు చప్పుడయింది.

పక్క ఫ్లాటు సుబ్బారావు గారు. రాజమండ్రి మనిషి. లుంగీ, బనీను, చేతిలో ఖాళీ బకెట్టు.

"ఇన్నయ్య గారూ, మోటారు వేశారాండీ? మా కుళాయిలో చుక్క రావట్లేదు."

ఒక్క 'లేదు' చాలు. కానీ ఆ ఒక్కటి ఎనిమిది రోజుల్ని మింగేస్తుంది. సెలవులు మళ్ళీ పుట్టవు. సాయంత్రం టీచర్‌కు ఏ మొహంతో చెప్పను? తల అడ్డంగా ఊపితే పోయేదిగా అంటారు మీరు. నిజమే. ఆ సంగతి నాకు స్ట్రెచర్ మీద గుర్తొచ్చింది.

అప్పుడు మాత్రం విషయమంతా వివరిద్దామనుకున్నాను. మాట్లాడనని పెదవుల మీద వేలు పెట్టాను. దేవుని కోసమని పైకి చూపించాను. సిలువ గంటలని చేతులు బార్లా చాపి తల వాల్చాను. గడియారం చూపించి మూడు వేళ్ళెత్తాను.

సుబ్బారావు గారికి అర్థమైందేమిటంటే: నోరు పడిపోయింది, పైకి పోతున్నాను, ఒళ్ళు కొయ్యబారుతోంది, మూడింటికల్లా అయిపోతాను.

"ఓరి నాయనో!" బకెట్టు మెట్ల మీదుగా దొర్లిపోయింది. "భయపడకండి ఇన్నయ్య గారూ, నేనున్నాను!"

వద్దు వద్దని చేతులూపాను.

"అయ్యయ్యో, ఫిట్స్ కూడానూ!"

మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. మా అపార్ట్‌మెంట్‌లో మౌనం పూర్తి పక్షవాతం. సుబ్బారావు గారు చంకల కింద, వాచ్‌మన్ కాళ్ళ దగ్గర పట్టి, నన్ను బియ్యం బస్తాలా ఆటోలోకి ఎక్కించారు.

"ఏమైంది సార్?" అన్నాడు ఆటో అతను.

"నోరు పడిపోయింది బాబూ, తొందరగా పోనీ!"

"ఫికర్ జెయ్యకున్రి. మా మామకు గిట్లనే అయింది. మంచిగ లేశి తిరిగిండు."

నాకు, ఏ రోగమూ లేని నాకు, ఎంత ఊరట కలిగిందో!

"నాలుగు దినాలు తిరిగిండు, పోయిండు" అని ముగించాడు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు సిగ్నల్ దగ్గర బండ్లు కదల్లేదు. సుబ్బారావు గారు ఆటో దిగి, నడిరోడ్డు మీద చేతులు చాపి, బస్సులకు అడ్డంపడి దారి చేశారు. అప్పుడు చూశాను, ఆయన కాళ్ళకు చెప్పుల్లేవు. ఎండకు రోడ్డు పెనంలా ఉంది. నాకేం కాలేదని చెప్పేద్దామనిపించింది. నోరు తెరిచాను. గడియారం చూశాను. నోరు మూసేశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. "పేరు చెప్పండి" అంది. చెప్పలేదు. "నాలుక చాపండి" అంది. చాపాను, నా షరతుల్లో నాలుక చాపకూడదని లేదు. "నవ్వండి" అంది. నవ్వాను.

"అన్నీ బాగానే ఉన్నాయి, మాటొక్కటే లేదు. తలకు స్కాన్ తీద్దాం. ఈయనకు మీరేమవుతారు?"

సుబ్బారావు గారు క్షణం కూడా ఆలోచించలేదు. "తమ్ముణ్ణమ్మా."

స్ట్రెచర్ కదిలింది. గోడ గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు మీదికొచ్చింది. లేచి కూర్చున్నాను.

"మోటరు ఇంక ఎయ్యలే సార్."

వాచ్‌మన్ చెప్పగా ఉరికొచ్చిన లూర్దు, ఆమె ఫోన్ చేస్తే వచ్చిన ఆగ్నేసు టీచర్, మా గుడి ఆడవాళ్ళిద్దరు సరిగ్గా అప్పుడే వరండాలోకి వచ్చారు.

"మూడు గంటలకు! ప్రభువు ప్రాణమిచ్చిన గడియకే మాటొచ్చింది! స్తోత్రం!" అంటూ ఒకావిడ మోకరిల్లింది. రెండో ఆవిడ పాట ఎత్తుకుంది. స్ట్రెచర్ తోసే ఆయన ఎందుకైనా మంచిదని నా కాళ్ళకు దండం పెట్టాడు.

లూర్దు చేతిలో చేపల సంచి అట్లాగే ఉంది. "మహిమ లేదు మన్ను లేదు, లేవున్రి! గీయన నోరు మంచిగనే ఉన్నది. తొమ్మిది దినాల సంది బుర్రనే పోయింది!"

డాక్టరమ్మ చూసిన చూపుకు నా లోపలి ఎముకలన్నీ కనబడి ఉంటాయి. ఇక స్కాన్ అక్కర్లేకపోయింది.

టీచర్ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. "మౌనంగ ఎందుకు ఉండుమన్న ఇన్నయ్యా?"

"ఇనేతందుకు టీచర్."

"మరేమిన్నవ్?"

అబద్ధమాడలేకపోయాను. "గడియారం టీచర్."

టీచర్ కళ్ళజోడు సవరించుకున్నారు. "పక్కింటోళ్ళకు ఆపదంటే చెప్పుల్లేకుంట ఉరికేటోళ్ళు గావాలె మన సభకు. నువ్వేమో గాయన ఉరుకుతుంటే 'నాకేం కాలే' అని ఒక్క ముక్క జెప్పకపోతివి. పిలుపు మీ అపార్ట్‌మెంటుకు వచ్చింది నిజమే. పక్క ఫ్లాటుకొచ్చింది."

సుబ్బారావు గారు అదిరిపడ్డారు. "అయ్యో, నాకొద్దండీ టీచర్ గారూ! ఏటేటా అయ్యప్ప మాల వేసుకుంటాను. మా ఆవిడ ఊరుకోదు!"

నా సంగతి ఒక ఏడాది తర్వాత చూస్తామన్నారు టీచర్. అప్పటిదాకా నాకు ఒకటే నియమం: ఎవరేమడిగినా వెంటనే జవాబివ్వాలి. 'వెంటనే అంటే ఎన్ని క్షణాల్లో?' అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆ తొమ్మిది రోజుల్లో పనికొచ్చిన మౌనం అదొక్కటే.

ఏడాది తర్వాత చేర్చుకున్నారు లెండి. ఆ రోజు గుడిలో ముందు వరుసలో సుబ్బారావు గారు, కొత్త చెప్పులు గుమ్మం బయట వదిలి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

కాబట్టి మా సంపు మోటారు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గానీ, మిగతా ఇరవై ఒక్క గంటల్లో గానీ, ఈ జన్మలో మళ్ళీ మౌనం పాటించను.

ఈ మాట లూర్దు నా భుజం మీదుగా చదివింది.

"గా ప్రమాణం కొట్టెయ్" అంది. "పెండ్లయినంక నేను కంటినిండ నిద్రవోయింది గా ఎనిమిది మధ్యాహ్నాలే."