పొట్టేలుకు తమ్ముణ్ణి పుట్టించిన పాపం

ఒక్క మాటతో సంఘమంతటి నోటి దగ్గరి మటన్ ముక్క లాగేసినవాణ్ణి మీరు చూసి ఉండరు. బాన్సువాడకు రండి, నన్ను చూపిస్తారు.

ఆ ఏడు మా చర్చిలో క్రిస్మస్ విందు బాధ్యత నాది. దగ్గర్లోని వర్ని ఊరికి పోయి పొట్టేలును ఏరి తెచ్చి చర్చి వెనుక కట్టేశాను. ఆ మటన్ కోసం వారం రోజులుగా కలలు కంటున్నాను కూడా. అక్కడితో ఊరుకోక, పండుగ ముందురోజు సాయంత్రం పిల్లలకు సినిమా వేసే పనీ నెత్తినేసుకున్నాను.

బొమ్మల సినిమా. మంచులో తప్పిపోయిన గొర్రెపిల్ల పండుగనాటికి తల్లిని చేరుతుంది, అంతే. అందులో ఎవరూ గట్టిగా కూడా మాట్లాడరు. కాకపోతే ఇంగ్లీషులో ఉంది. ఆఫీసులో నాలుగు ఇంగ్లీషు మెయిళ్లు రాస్తానన్న పొగరుతో మైకు పట్టి నేనే తెలుగులో చెప్పసాగాను.

పావుగంటకే పిల్లలు దిక్కులు చూశారు. నాకు అహం దెబ్బతింది.

"గీ గొర్రెపిల్ల ఎవరో ఎరుకేనా? మన చర్చి ఎనుక పొట్టేలు లేదూ, దానికి సొంత తమ్ముడు" అన్నాను.

సినిమాలో లేని మాట. పూర్తిగా నా తెలివే. పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఇక నేనాగుతానా? గొర్రెపిల్ల నోరు తెరిచినప్పుడల్లా "అన్నా, నువ్వు యాడున్నవ్" అని గొంతు వణికించాను. చివర్లో నాకే కళ్లు తడిశాయి.

సినిమా అయ్యాక మా అక్క కూతురు, ఆరేళ్ల శ్రావణి, నా చొక్కా పట్టుకుంది.

"మామా, రేపు పొట్టేలును తమ్ముని కాడికి తోలుకపోతవా?"

వంట చేసే మరియమ్మవ్వ అటుగా పోతూ అంది: "తోలుకపోవుడు ఏంది బిడ్డా, పొద్దుగాల కోస్తరు."

అంతే. పిల్లలందరూ ఒక్కసారే ఏడుపందుకుని, ఉరికి పొట్టేలు చుట్టూ కూర్చున్నారు. తల్లులు బతిమాలినా లేవరు, తండ్రులు బెదిరించినా లేవరు.

సంఘ పెద్ద యాకోబన్న నన్ను పక్కకు పిలిచాడు. "ఏం సినిమా ఏసినవ్‌రా?"

"పిల్లల సినిమానే అన్నా. మంచిదే."

"గంత మంచిది ఎందుకేసినవ్?"

చివరికి పాస్టరు అయ్యగారు తేల్చేశారు. "పిల్లల్ని ఏడిపిచ్చి పండుగేంది? రేపు పప్పు వండుండ్రి. తమ్ముణ్ణి పుట్టిచ్చినోడే గా పొట్టేలును సాకుతడు."

పండుగనాడు అందరూ పప్పు కలుపుకుంటూ నన్నే చూశారు. పొట్టేలు మాత్రం మెడలో బంతిపూల దండతో నిలబడింది. అప్పటినుంచి అది మా పెరట్లోనే ఉంది. ప్రతి ఆదివారం పిల్లలు వచ్చి, చిక్కిందేమోనని తడిమి చూసి పోతారు. నేను చిక్కానేమోనని ఎవరూ చూడరు.

ఈసారి విందుకు కోళ్లు తెచ్చాం. నిన్న శ్రావణి వచ్చి అడిగింది.

"మామా, కోడిపిల్ల సినిమా ఉన్నదా?"

లేదన్నాను. ఉంది. చాలా మంచి సినిమా. మా పొట్టేలు కొమ్ముల మీద ఒట్టేసి చెబుతున్నాను, విస్తళ్లు ఎత్తేదాకా దాన్ని ఎవరికీ చూపించను.