తెర పక్కన చెప్పిన మాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కోడలు టీవీలో ఏదో ఇంగ్లీషు చిత్రం పెట్టింది. వాన శబ్దం గదంతా నిండింది. పత్రిక దించి చూశాను. ప్రైవేటు డిటెక్టివు ఒకడు సెల్‌ఫోను చెవికి ఆనించుకుని, రేవులో తడుస్తూ నిలబడి ఉన్నాడు. పది నిమిషాలలో కథ గుర్తుపట్టాను. ఎప్పటిదో నలుపు తెలుపుల చిత్రాన్ని ఈ కాలానికి మార్చి మళ్ళీ తీశారు. చివరిదాకా కదలకుండా చూశాను. పాత చిత్రంలో నేను అప్పుడు వినలేకపోయిన, ఇప్పటికైనా వినవలసిన వాక్యం ఒకటి ఉంది. ఈ కొత్తదానిలో ఆ దృశ్యమే లేదు.

నిజానికి ఆ కథను నేను మొదటిసారి విన్నది కూడా కాలం మార్చిన రూపంలోనే. మార్చినవారు దేవసహాయం గారు. అరవైల తొలి సంవత్సరాలలో తోటపల్లి గూడూరు దగ్గర ఒక హైస్కూలుకు ఆయన ప్రధానోపాధ్యాయులు. మద్రాసులో బి.యస్సీ. ముగించి ఆయన కింద సైన్సు మాస్టరుగా చేరి అప్పటికి నాకు ఏడాది. ఊరి చివర ఇసుక దిబ్బ మీద టూరింగు టాకీసు డేరా ఉండేది. తెలుగు బొమ్మ సమయానికి అందకపోతే యజమాని పాత ఇంగ్లీషు బొమ్మ తెప్పించేవాడు. అప్పుడు తెర పక్కన స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని దేవసహాయం గారు కథ చెప్పేవారు. యౌవనంలో మిషను వారి వెంట పల్లెలు తిరిగి, గాజుపలకల మీది బైబిలు బొమ్మలను దీపంతో గోడమీద చూపిస్తూ సాధన చేసిన గొంతు అది. ఆయనకు వినికిడి తగ్గుతూ ఉండటంతో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను సంభాషణ విని ఆయన చెవిలో చెప్పాలి. ఆయన దానిని తెలుగు చేయాలి.

‘సార్, ఇది ఇరవై ఏళ్ళనాటి అమెరికా కథ. ఆ సంగతి ముందు చెప్పాలి కదా’ అన్నాను మొదటిరోజు ఆటకు ముందు.

‘ఇరవై ఏండ్లనాటి అమెరికాతో వీళ్ళకేం పనయ్యా? ఈ ఏడు, మన రేవులో జరిగిందంటేనే కుదురుగా కూర్చుంటారు’ అన్నారు.

ఆ విధంగా చమురు బావుల ధనవంతుడు గూడూరు మైకా గనుల ఆసామి అయ్యాడు. ఓడరేవు కృష్ణపట్నం అయింది. టోపీ పెట్టుకున్న డిటెక్టివుకు భూషణం అని పేరు పెట్టి, నెల్లూరి నుంచి అద్దె కారులో దింపారు. కథానాయిక తెల్లని గౌనులో కనిపించగానే ముందు వరుసలో ఒక ముసలమ్మ, ‘పాపం, తెల్లకోక కట్టినాది, మొగుడు లేనట్టుండాడు’ అంది. దేవసహాయం గారు ఆమె మాట కాదనలేక ఆ అమ్మాయి భర్తను మైకులో చంపేశారు. తరువాతి రీలులో ఆ భర్త కారు దిగివచ్చాడు. ‘ఈయన ఆమె మరిది’ అన్నారు. ఆ మనిషి ఆమె నడుము పట్టుకున్నాడు. ‘మంచి మరిదేలే అయ్యోరా’ అని ఎవరో అనగానే డేరా గొల్లుమంది. నేనూ నవ్వాను.

కథ ఆఖరు రీలుకు వచ్చింది. ఇద్దరు స్నేహితులు పడవ మీద వెళతారు, ఒక్కడే తిరిగివస్తాడు. మా ఊరికి అది కొత్త కథ కాదు. అంతకు ఆరు నెలల ముందు బకింగ్‌హాం కాలువ మీద సరుగుడు కట్టెల పడవతో వెళ్ళిన ఇద్దరిలో పోలయ్య మునిగిపోయాడు. చెంచయ్య ఒక్కడే తిరిగివచ్చాడు. పోలీసులు విచారించి ప్రమాదమని రాసుకున్నారు. ఊరు ఆ మాటను సగమే నమ్మింది. ఆ సాయంత్రం చెంచయ్య భార్యతో వచ్చి, నాకు కనిపించేంత దూరంలో నేలమీద కూర్చుని ఉన్నాడు.

తెరమీద వాన కురుస్తోంది. డిటెక్టివు ఆ బతికివచ్చిన స్నేహితుడి కాలరు పట్టుకుని ఒక వాక్యం అన్నాడు. సరిగ్గా అప్పుడే సౌండు బాక్సు గరగరలాడింది. ‘ఏమన్నాడు?’ అని దేవసహాయం గారు నావైపు వంగారు. నాకు ఒక్క మాట కూడా వినబడలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి మద్రాసు చదువు అడ్డమొచ్చింది. తెరమీది ముఖాలను చూసి, ‘వాడే తోశాడంటున్నాడు సార్’ అన్నాను. ఆయన మైకు ఎత్తారు.

‘నువ్వే తోసినావురా. నీళ్ళకు నోరు లేదనుకుంటివా?’

వెనకనుంచి ఒక గొంతు, ‘ఏం చెంచయ్యా, నీ కత బొమ్మలోకెక్కిందే’ అంది. నవ్వులు లేచాయి. చెంచయ్య తెరవైపు చూస్తూనే లేచి, భార్య లేచేదాకా ఆగి, బయటికి నడిచాడు. ఆ నడకే నేరం ఒప్పుకున్నట్టని ఊరు తీర్మానించింది. నడక దేనికీ రుజువు కాదు.

మర్నాడు పడవ యజమాని చెంచయ్య చేతిలోని పడవ తోసే గడ తీసుకుని ఇంటికి పొమ్మన్నాడు. పదకొండు గంటలకు చెంచయ్య భార్య రవణమ్మ బడికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

‘అయ్యోరా, నిన్న ఆ టోపీవోడు అన్న మాట మల్లా ఒకసారి చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి.’

దేవసహాయం గారు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను తన గదిలోకి పిలిచి తలుపు చేరవేశారు.

‘నువ్వు విన్నావా?’

‘శబ్దం సరిగా లేదు సార్. సందర్భాన్ని బట్టి...’

‘విన్నావా అని అడుగుతుండా.’

‘లేదు సార్.’

ఆయన కోపపడలేదు. బల్లమీది హాజరు పట్టీని మూసి మళ్ళీ తెరిచారు. ‘వినపడలేదని ఒక మాట ఉండాది గదయ్యా తెలుగులో’ అన్నారు.

బయటికి వెళ్ళి, అందరి ముందూ చెబుతానని రవణమ్మను పంపారు. ఆ సాయంత్రం ఆఖరు రీలుకు ముందు ఆట ఆపించి మైకు పట్టుకున్నారు. ‘నిన్న నేను చెప్పిన మాట బొమ్మలోది కాదు. ఆ మాట నాకు వినపడలేదు. నేనే కల్పించి చెప్పినాను. మన ఊరి మనుషులకు దాంతో ఏ సంబంధమూ లేదు.’ నేను పక్కనే ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు. నేను లేచి నిలబడలేదు.

‘అయ్యోరిని ఎవురో బెదిరించినారబ్బా’ అన్నాడు ముందు వరుసలో ఒకడు.

‘అవును మరి. మనం కళ్ళతో చూస్తిమి గదా’ అన్నాడు పక్కవాడు.

ఆ దృశ్యం వచ్చింది. సౌండు బాక్సు మళ్ళీ అలాగే గరగరలాడింది. ‘వినపడలేదు’ అని ఆయన మైకులో చెప్పారు. జనం నవ్వారు. కాదన్న మాటే రుజువుగా మారగలదని నేను ఆ సాయంత్రం తెలుసుకున్నాను.

నెల తిరగకుండా చెంచయ్య, రవణమ్మ ఊరు వదిలి దుగరాజపట్నం వైపు వెళ్ళిపోయారు. అతను పోలయ్యను తోశాడో లేదో నాకు తెలియదు. తోయలేదని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు. ఊరి చేతిలో ఉన్న ఒకే ఒక సాక్ష్యం నా నోట పుట్టిందని మాత్రం తెలుసు.

దేవసహాయం గారు మళ్ళీ మైకు ముట్టుకోలేదు. ఎండాకాలం సెలవులలో ఒకరోజు చెంచయ్యను వెతుక్కుంటూ వెళ్ళివచ్చి, బడి వరండాలో కూర్చుని నాకు చెప్పారు.

‘చాప వేసి కూర్చోబెట్టినాడు. మజ్జిగిచ్చినాడు. మీరేం జేస్తారయ్యోరా, బొమ్మలో ఉండేదాన్ని తెలుగులో చెప్పినారు, అంతేగదా అన్నాడు. నేనెంత చెప్పినా వినలేదయ్యా. ఆ మాట బొమ్మలో ఉండిందనే అతనూ నమ్ముతుండాడు.’

‘నా పేరు ఎందుకు చెప్పలేదు సార్?’ అని అడిగాను.

‘మైకు నా చేతిలో ఉండింది’ అన్నారు. మళ్ళీ ఆయనే, ‘నీ మాట నువ్వే చెప్పుకోవాల. బస్సు దిగి తూర్పుగా పో. కాలువ గట్టు మీద మూడో పాక’ అన్నారు.

ఆ తరువాత ఆ ప్రస్తావన ఆయన తేలేదు. కొన్నేళ్ళకు పోయారు. నేను బడి వదిలి ప్రభుత్వ రసాయన పరీక్షాశాలలో చేరి ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. సందర్భాన్ని బట్టి చెప్పమని కోర్టులలో వకీళ్ళు నన్ను ఎన్నో విధాలుగా అడిగారు. నమూనా చెడిపోతే చెడిపోయిందనీ, తేలకపోతే తేలలేదనీ రాశాను. ఒకసారి అటువంటి నివేదిక విన్న ఒక తండ్రి సాయంత్రందాకా పరీక్షాశాల మెట్లమీద కూర్చుని ఉన్నాడు. తన కూతురికి విషం పెట్టారని ఆయన నమ్మకం. ఆయన కోరిన మాట నా దగ్గర లేదు. లేని మాటను రాసి ఇవ్వడం ఎంత సులువో నాకు తెలుసు. పై అధికారులు నన్ను చేతకానివాడన్నారు, భరించాను. ఉద్యోగంలో దేవసహాయం గారి పాఠాన్ని తప్పలేదని చెప్పగలను.

కాలువ గట్టుకు మాత్రం వెళ్ళలేదు. మొదట సెలవు దొరకలేదన్నాను. తరువాత అతను ఇంకా అక్కడ ఉన్నాడో లేదో అన్నాను. ఆ రెండింటినీ ఎన్నడూ పరీక్షించి చూడలేదు. జీవితమంతా తెలియదని రాసిన నాకు, ఏ పరీక్షా అవసరం లేకుండా తెలిసిన సంగతి ఒకటే ఉంది. దానిని వినవలసిన మనిషికి నేను చెప్పలేదు.