రాజవ్వ మూయించిన కిటికీ

మొన్న ఆదివారం కుక్కరు గాస్కెట్ తెగిపోయింది. నా భార్య సుజాత అటకమీంచి పాత గిన్నె దించి, అందులో అన్నం వండి గంజి వార్చింది. మడికొండలో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంటుంది. ఇక్కడ ఎవరింట్లోనూ గంజి వార్చగా నేను చూడలేదు. ఆవిరి హాల్లోకి వచ్చేసరికి చేతిలో పేపరు అలాగే ఉండిపోయింది. ఆ వాసన నాకు కొత్తవాడ వాసన, రాజవ్వ వాసన.

పదకొండేళ్ల కిందట మేము వరంగల్ కొత్తవాడలో అద్దెకుండేవాళ్లం. ముందు రెండు గదులు మావి, వెనక వాటా ఇంటి యజమానురాలు రాజవ్వది. ఆమె కొడుకు మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. అతనికి కావలసిన నూలును ఆమె వసారాలో కూర్చుని రాట్నంతో కండెలకు చుట్టేది. అప్పటికే డెబ్బై దాటిన మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు. పొద్దున్నే నూలుకు పట్టించే గంజి ఒక కుండలో కాగేది, తన కోసం అన్నం వార్చిన గంజి ఇంకో గిన్నెలో ఉండేది. అందులో ఉప్పు వేసుకుని తాగి రాట్నం ముందు కూర్చునేది. నేను అప్పుడు ఒక దినపత్రికకు రిపోర్టరును. ఊళ్లో ఎవరేం దాచినా నాకు తెలిసిపోతుందని గర్వపడే రోజులవి.

మా హారికకు నాలుగున్నర ఏళ్లు. ఒక వాన సాయంత్రం నేనే బండి ఆపి కాల్చిన మక్కకంకి కొనిచ్చాను. నవ్వుతూ తింటుంటే గింజ గొంతుకు అడ్డం పడింది. ముఖం నల్లబడింది. కంకులమ్మే ఆమె పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని, వంచి, వీపు మీద గట్టిగా చరిచింది. గింజ బయటపడింది. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు. ఇంటికొచ్చి జరిగింది చెప్పుకుని, దండం పెట్టుకుని, మరిచిపోయామనుకున్నాం.

హారిక మరిచిపోలేదు. మర్నాటి నుంచి అన్నం ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చునేది, చివరికి ఉమ్మేసేది. మెత్తటి ఇడ్లీ అయినా, అరటిపండు అయినా అంతే. రెండు వారాలకు పాలు, నీళ్లు తప్ప ఏదీ దిగని స్థితికి వచ్చింది. పాలు కూడా గొంతు మీద చెయ్యి పెట్టుకుని గుక్క గుక్కకూ ఆగి తాగేది. హనుమకొండలో పిల్లల డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేయించారు. గొంతులో లోపమేమీ లేదని, ఉన్నది భయమని, బలవంతం చేయొద్దని చెప్పారు. బరువు మాత్రం బాగా పడిపోయింది. పది రోజుల తర్వాత మళ్లీ తూస్తామని, ఇంకా తగ్గితే చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాల్సి వస్తుందని అన్నారు. ఆ మాట విన్నాక సుజాత ఇంటిదాకా ఆటోలో పిల్లను ఒళ్లోంచి దించలేదు.

నాకు తెలిసిన పని ఒక్కటే. జేబులోంచి నోట్‌బుక్ తీశాను. ఏ పూట ఏం పెట్టాం, ఎంతసేపు నోట్లో ఉంచుకుంది, ఎక్కడ ఉమ్మింది, అన్నీ రాశాను. డాక్టరుకు పనికొస్తుందనుకున్నాను. సుజాత ఫోన్లో బొమ్మలు చూపిస్తూ ముద్ద పెట్టేది, నేను ఎదురుగా కూర్చుని పిల్ల నోటివైపు చూసేవాణ్ని. వచ్చిన చుట్టాలు కూడా చూసేవాళ్లు. దిష్టి తీసినవాళ్లు తీశారు, లంచాలుగా చాక్లెట్లు తెచ్చినవాళ్లు తెచ్చారు. "ఏం కాదమ్మా, మింగు" అని అందరం అన్నాం. రోజుకు ఎన్నిసార్లు అనేవాళ్లమో.

ఇదంతా రాజవ్వ తన వసారాలోంచి చూస్తూనే ఉంది. సలహా చెప్పని మనిషి ఆ ఇంటి చుట్టుపక్కల ఆమె ఒక్కతే. ఒకరోజు నేను చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే రాట్నం ఆపి పిలిచింది.

"కొడుకా, నువ్వు పెన్ను తీస్తే పోరి నోరు మూస్తాంది. చూసినవా?"

నేను చూడలేదు. అన్ని రోజులుగా చూడటమే పనిగా పెట్టుకున్నవాణ్ని, ఆ ఒక్కటీ చూడలేదు.

"పోలీసోని లెక్క ముంగట కూసోని రాసుకుంటాంటే ఎవలు తింటరు? నాకైతె నీళ్లు గూడ దిగవు" అంది. తర్వాత గొంతు తగ్గించి, పొద్దున పూట పిల్లను తన దగ్గర వదలమని, మేమిద్దరం మాత్రం రావద్దని చెప్పింది. సుజాతకు నమ్మకం కలగలేదు. "డాక్టర్ చెప్పంగ తిననిది అవ్వ కాడ తింటదా?" అంది. అయినా పంపింది. మా వంటింటి కిటికీ ఆ వసారాలోకే తెరుచుకుంటుంది. నేను అక్కడ నిలబడతానని రాజవ్వకు తెలుసు. "గా కిటికీ గూడ బంద్ చెయ్యి కొడుకా" అని అరిచింది. మూశాను. ఇక చెవులే దిక్కు.

మొదటి రెండు రోజులు రాట్నం తిరిగిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆమె పిల్లను తినమని అడగనే లేదు. పోగు తెగితే రాట్నం ఆగేది, అతుకు వేసి నెమ్మదిగా ఒకటి రెండు చుట్లు తిప్పి, తర్వాత మామూలుగా తిప్పేది. మూడో రోజు హారిక గొంతు వినిపించింది.

"అవ్వా, నీకు పండ్లు లెవ్వు గదా. నీ గొంతుల ఇరుక్కోదా?"

మూసిన కిటికీ ఇవతల నేను చెవి ఆనించి నిలబడ్డాను. ఏం కాదని చెప్పు, భయం లేదని చెప్పు అని మనసులో అనుకుంటున్నాను.

"ఇరుక్కుంటది" అంది రాజవ్వ. "ఒక్కొక్కసారి. అప్పుడు దగ్గుత. నీళ్లు తాగుత. జర ఆగి మల్ల తింట."

రాట్నం ఆగింది. తర్వాత హారిక, "నాకు గూడ ఇరుక్కున్నది" అంది. ఆ సంగతి పిల్ల తన నోటితో చెప్పడం అదే మొదటిసారి. మేమెవరం అడగలేదు. ఏమీ కాలేదని మేమే దానికి చెబుతూ వచ్చాం. కానీ అయింది. ఊపిరి ఆగింది. అది పిల్లకు తెలుసు, మేము అబద్ధమాడుతున్నామనీ తెలుసు.

"ఎర్కే బిడ్డా" అంది రాజవ్వ. "మస్తు భయమైంది గదా."

రాట్నం మళ్లీ తిరిగింది. ఆ రోజు తన గ్లాసులోంచి రెండు గుక్కల గంజి హారిక అడిగి తాగిందని రాజవ్వ సాయంత్రం చెప్పింది. చెప్పేటప్పుడు కూడా దారం మీదనుంచి చూపు తిప్పలేదు. ఎన్ని గుక్కలో రాసుకుంటావా అని మాత్రం ఎగతాళి చేసింది.

పదో రోజున డాక్టరుగారు తూచారు. బరువు పెరగలేదు. కానీ తగ్గలేదు. గొట్టం అక్కర్లేదని, జరుగుతున్నదే జరగనివ్వమని అన్నారు. సుజాత ఆ తూకం యంత్రం పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చింది. గంజి నుంచి గంజిలో పిసికిన మెతుకులకు రావడానికి నెల పట్టింది, మామూలు అన్నానికి వచ్చేసరికి వానాకాలం పోయి చలికాలం వచ్చింది. మధ్యలో జ్వరం వచ్చి మళ్లీ మొదటికి వెళ్లిన వారం కూడా ఉంది. మక్కకంకి జోలికి ఇప్పటికీ పోదు. పోకపోతే పోనివ్వండి.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. ఒకసారి వరదల్లో ఏటూరునాగారం వైపు వెళ్లినప్పుడు కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ముందు కూర్చున్నాను. చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి పోయింది, అక్కడే ఆగింది. ఆమె చాలాసేపటికి తనంతట తానే మాట్లాడింది. ఏం కాదు, ధైర్యంగా ఉండు అనే మాట నేను అనలేదు. ఆఫీసుకు వెళ్లి గుర్తున్నంత మేరకే రాశాను. డెస్కులో వాళ్లు వివరాలు తక్కువగా ఉన్నాయన్నారు. తక్కువగానే ఉన్నాయి.

రాజవ్వ పోయి రెండేళ్లు. చివరి రోజుల్లో ఆమెకు నీళ్లు కూడా కష్టంగా దిగేవి. హారిక వెళ్లి పక్కన కూర్చుని చెంచాతో గంజి పట్టేది, తాగిస్తూ కిటికీ బయటికి చూసేది. ఎవరూ నేర్పలేదు.

మొన్న ఆదివారం గంజి వాసనకు హారిక తన గదిలోంచి వచ్చింది. గ్లాసులో పోసుకుని ఉప్పు వేసుకుంది. నా వెనక టేబుల్ దగ్గర నిలబడి తాగుతూ పొరబోయి గట్టిగా దగ్గింది. నేను పేపర్లోంచి తల ఎత్తలేదు. నీళ్ల బాటిలు మూత తీసిన చప్పుడైంది. కాసేపు ఆగింది. తర్వాత మళ్లీ గుక్క చప్పుడు వినిపించింది.