గేటు దాటని లారీ

మా గుంపులో ఎవరి గేమునూ ఎవరూ బాగాలేదనరు. కర్నూలు, కడప జిల్లాల్లో తలా ఒక ఉద్యోగం చేసుకుంటూ, సరదాకి కంప్యూటర్ గేములు తయారుచేసేవాళ్లం మేము. సగం చేసిన గేమును గ్రూపులో పెడితే మిగతావాళ్లు ఆడి అభిప్రాయం చెప్పాలి. ఆ అభిప్రాయం ఎప్పుడూ ఒక్కటే: "శానా బాగుండాదన్నా." భోజనానికి పిలిచినవాడి ముఖం మీదే కూరలో ఉప్పు లేదని ఎవరంటారు? నోరు మంచిదైతే ఊరు మంచిది. నేనూ అందరితో అంతే చెప్పేవాణ్ణి.

నా గేములో ఒక లారీ ఉంటుంది. మా నాన్న ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోలేవాడు. ఇంటికొచ్చేటప్పుడు వీధి మొదట్లోనే రెండుసార్లు హారన్ కొట్టేవాడు. నేను అన్నం ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తోనే పరుగెత్తేవాణ్ణి. ఆయన పోయాక ఆ హారన్ మళ్లీ వినాలనిపించి ఈ గేము మొదలుపెట్టాను. ఆడేవాళ్లు లారీ తోలుకుంటూ వచ్చి రైలు గేటు దగ్గర ఆగాలి. గూడ్సు పోయాక గేటు లేస్తుంది. ఆ తర్వాత మా వీధి, హారన్, పిల్లవాడు. ఆ చివరి ముక్క కోసమే మిగతాదంతా చేశాను. ముగింపు ఎలా ఉంటుందో ముందే గ్రూపులో ఊరించి ఊరించి చెప్పేశాను కూడా, నా నోరు ఊరుకోదు కదా.

గేము పెట్టగానే పొగడ్తలే పొగడ్తలు. గేటు దగ్గర ఆ ఎదురుచూపు ఎంత గొప్పగా ఉందో అన్నాడొకాయన. గ్రూపులో నాకు అందరికన్నా దగ్గరివాడు, డోన్‌లో రైల్వే ఉద్యోగి, "లాస్ట్‌లో ఏడుపొచ్చిందప్పా" అని రాశాడు. ఆ మెసేజీ నా భార్యకు చూపించాను, ఆఫీసులో కనబడ్డవాడికల్లా చూపించాను. కాళ్లు భూమ్మీద ఆనలేదు.

మొన్న ఆదివారం ఆ డోన్ స్నేహితుడి ఇంట్లోనే అందరం కలిశాం. కొత్తగా చేరిన ఒక టీచరమ్మ మైదుకూరు నుంచి బస్సులో వచ్చింది. నా గేము ఇంకా ఆడలేదట, అక్కడే నా లాప్‌టాప్ మీద ఆడతానంది. నేను పక్కన కూర్చున్నాను. మిగతావాళ్లు వెనక నిలబడ్డారు.

లారీ చక్కగా నడిపింది. గేటు దగ్గర ఆపింది. గూడ్సు వెళ్లిపోయింది. గేటు మాత్రం లేవలేదు.

"ఈడ ఏమన్నా నొక్కల్లనా అన్నా?"

"ఏం నొక్కే పన్లేదమ్మా, అదే లేస్తాది."

కాసేపు చూసి మళ్లీ మొదటినుంచి ఆడింది. మళ్లీ గూడ్సు పోయింది. "రైలు పోయింది గదన్నా, ఇంగా గేటు ఎత్తల్యా," అంది పాపం, తప్పు తనదేనేమో అన్నట్టు.

అప్పుడు తెలిసింది. ముగింపు సరిచూసుకోవడానికి ఎవరికీ చెప్పకుండా నా కోసం ఒక బటన్ పెట్టుకున్నాను, అది నొక్కితే నేరుగా మా వీధిలోకి పోతాం. ఎప్పుడూ ఆ అడ్డదారినే పోయాను. గ్రూపులో పెట్టిందీ ఈ గేమే. ఆ గేటు ఎవరికీ లేచి ఉండదు. ముగింపు ఎవరూ చూడలేదు.

స్నేహితుడు ఖాళీ టీ గ్లాసులు సర్దడం మొదలుపెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లమీద కోపం తెచ్చుకుందామన్నా ముఖం చెల్లలేదు. ఆ స్నేహితుడి గేములో మొదటి లెవెల్ దాటకుండానే అద్భుతమని రాసినవాణ్ణి నేను. గురివింద గింజకు తన నలుపు అప్పుడు కనబడింది.

"మరి చివర యాడుండాదన్నా?" అంది టీచరమ్మ.

చేయి చాచి నా బటన్ నొక్కాను. లారీ వీధి మొదట్లోకి వచ్చింది. హారన్ రెండుసార్లు మోగింది. పిల్లవాడు ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు. నాన్న తలుపు తీసుకుని దిగాడు.

స్నేహితుడు గ్లాసులు కింద పెట్టి భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"శానా బాగుండాదప్పా," అన్నాడు.

నిజంగానే అన్నాడేమో. నేను నమ్మలేకపోయాను.