వర్షితను ఆటోలోంచి దింపిన పొద్దు

భాగ్యశ్రీ తన పనికి రెండు కట్టుబాట్లు పెట్టుకుంది. మూసీకి ఇవతలి మగవాళ్ల జోలికి పోదు. మూడున్నర దాటాక ఎవరి కోసమూ ఆగదు, తొమ్మిదో తరగతి చదివే కూతురు వర్షిత బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండాలి. రోజూ పదిన్నరకు దబీర్‌పురా స్టేషన్లో లోకల్ రైలెక్కి, నది అవతల లలితమ్మ నడిపే ఫ్లాటుకు వెళ్తుంది. అక్కడ ఆమె పేరు సోనీ. ఇక్కడ గల్లీ వాళ్లకు మాత్రం ఆమె ముసలివాళ్లను చూసుకునే ఆయా.

భర్త నగేష్‌కు నిజం తెలుసు. కరోనాలో అతను పనిచేసే లేత్ షెడ్డు మూతపడ్డప్పుడు మొదలైన పని ఇది. తెలిసిన రోజు అన్నం ముట్టలేదు, రెండోరోజూ ముట్టలేదు, మూడోరోజు తిన్నాడు. ఇప్పుడు ఒక గోదాములో రాత్రి కాపలా. ఇద్దరి మధ్య ఆ ఊసే రాదు. ఒక్కసారి మాత్రం అన్నాడు: "బస్తీల ఎవలికన్న తెలిసిందనుకో, పిల్లను తీస్కొని మా అమ్మకాడికి పోత. మళ్ల రాను." అన్నాడంటే చేసే మనిషే. అప్పటి నుంచి ఆమెకు ఉన్న భయమల్లా అదొక్కటే.

లలితమ్మ ఫ్లాటులో ఒక పద్ధతి ఉంది. వచ్చిన మగవాణ్ని ముందుగా ఆడవాళ్లే వంటింటి తలుపు సందులోంచి చూస్తారు. తెలిసిన మొహమైతే కుళాయి తిప్పాలి. నీళ్ల చప్పుడు వినబడగానే లలితమ్మ ఏదో వంక చెప్పి అతన్ని పంపించేస్తుంది.

ఆ మంగళవారం భాగ్యశ్రీ కుళాయి తిప్పలేదు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, సెంటు వాసన. ఎవరో కొత్తవాడు అనుకుంది. గదిలోకి వెళ్లి దగ్గరగా చూస్తే కొండల్, మూడేళ్లుగా వర్షితను బడికి తీసుకెళ్లే ఆటో డ్రైవర్. రోజూ చూసేవాణ్ని పోల్చుకోలేదా అంటారేమో. ఆమె రోజూ చూసేది ఖాకీ చొక్కా వీపును, అద్దంలో రెండు కళ్లను. మొహం మొత్తంగా ఎన్నడు చూసింది గనక?

అతనూ బిత్తరపోయాడు. ఆమె వెంటనే బయటికొచ్చేసింది. లలితమ్మ అతన్ని సాగనంపి, వాడికీ పెళ్లాం పిల్లలున్నారు, వాడే నోరు మూసుకుంటాడని ధైర్యం చెప్పింది. వట్టి మాట. ఇలాంటిది బయటపడితే మగవాడికి నాలుగు రోజుల లొల్లి, ఆడదానికి ఇల్లే ఉండదు. లలితమ్మకు అది తెలియక కాదు.

ఆటో మాన్పిస్తే ఎందుకని నగేష్ అడుగుతాడు, గల్లీ అడుగుతుంది. మాన్పించకపోతే పిల్ల రోజూ వాడి వెనకే కూర్చోవాలి. భాగ్యశ్రీ ఎటూ తేల్చుకోలేక, వాడూ సిగ్గుపడి ఉంటాడులే అని ఊరుకుంది.

మర్నాడు ఎనిమిదింటికి ఆటో వచ్చింది. వర్షిత ఎక్కి కూర్చుంది. మూడేళ్లుగా అక్కా అని పిలిచినవాడు ఇవాళ తల తిప్పి భాగ్యశ్రీని పైనుంచి కిందిదాకా చూశాడు.

"పిల్లను సాయంత్రం జర లేటుగ దింపుత. ఫికర్ చేయకు సోనీ."

"సోనీ ఎవలమ్మా?" అంది వర్షిత.

తనను ఏమన్నా పడేది. పిల్లను ఆలస్యంగా దింపుతానన్న మాట మాత్రం భాగ్యశ్రీ పడలేకపోయింది. వర్షితను చెయ్యిపట్టి కిందికి దింపి, బ్యాగు లాక్కుంది. ఎదురింటి సక్కుబాయి వాకిలి ఊడవడం ఆపి చూస్తోంది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి గడప దగ్గర బూట్లు విప్పుతున్న నగేష్ ఏమైందని అడిగాడు. ఏం అబద్ధం చెబుతుందో చూద్దామని కొండల్ కూడా కదలకుండా కూర్చున్నాడు.

ఆమె నగేష్ దగ్గరికి వెళ్లి, అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది.

"నిన్న వీడు ఆడికొచ్చిండు. ఇయ్యాల పిల్ల ముంగట ఆ పేరు పెట్టి పిలుస్తుండు. నువ్వు ఏమన్న చేస్కో, నేనైతే పిల్లను వీని ఆటోల పంప."

నగేష్ విప్పిన బూటు మళ్లీ తొడుక్కున్నాడు. ఆటో దగ్గరికెళ్లి కొండల్‌తో తగ్గు గొంతుతో ఏదో అన్నాడు. ఆటో కదిలింది. తర్వాత కూతుర్ని స్కూటరెక్కించుకుని తనూ వెళ్లిపోయాడు. భార్య వైపు చూడలేదు.

బడి పది నిమిషాల దారి. తొమ్మిదైంది, పదైంది. భాగ్యశ్రీ అల్మారా తెరిచి చూసింది, పిల్ల బట్టలు అక్కడే ఉన్నాయి. అయినా ఊరట కలగలేదు. బట్టలదేముంది, ఎక్కడైనా కొనుక్కోవచ్చు. రైలు వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. ఫోన్ చేయడానికి ధైర్యం చాలలేదు.

పదకొండింటికి నగేష్ ఒక్కడే వచ్చాడు. బస్టాండు దాకా పోయానని, అమ్మ ఊరి బస్సు కూడా ఉందని, మళ్లీ వెనక్కి తిప్పి పిల్లను బడిలో దించానని చెప్పాడు. దాచకుండా చెప్పినందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

"తొవ్వ పొంటి సోనీ ఎవలని అడుగుతనే ఉంది," అన్నాడు. "సాయంత్రం అమ్మ చెప్తదని చెప్పిన. వాడు చెప్పకముందే నువ్వే చెప్పాలె."

"చెప్తే ఉంటదా నా దగ్గర?"

"నేను ఉంటలేనా," అన్నాడు నగేష్, గోడవైపు చూస్తూ.

నాలుగున్నరకు బడి గేటు దగ్గర తల్లిని చూసి వర్షిత పరుగెత్తి రాలేదు. తోటి పిల్లలందరినీ పోనిచ్చి, మెల్లగా వచ్చి ఎదురుగా నిలబడింది. భాగ్యశ్రీ బ్యాగు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చెప్పేది విన్నాక పిల్లే బ్యాగు ఇస్తే అప్పుడు అందుకుందామనుకుంది.

"సోనీ అంటే నేనే బిడ్డా," అంది.